వర్తకుని రూపచిత్రం: ట్రియెస్ట్ నుంచి వాట్‌గంజ్ వరకు

చిత్తరువులో రాజును గుర్తించుట కష్టం కాదు. కిరీటమున్నది, ఖడ్గమున్నది, వెనుక సింహాసనమున్నది. ముఖమెట్లున్నను ఆ చిహ్నాలే ఆయన ఎవరో చెప్పగలవు. దేవతామూర్తుల విషయమూ అంతే. శంఖచక్రాలను చూచి విష్ణువనియు, త్రిశూలాన్ని చూచి శివుడనియు తెలుసుకొందుము. వర్తకునికి ఇట్టి సదుపాయం లేదు. ఆయన వంశావళి సభలో చదువదగినంత పొడవైనది కాదు. ఆయన సంపద నిన్న మొన్న ఓడలపై వచ్చినది. అట్టివాడు చిత్రకారుని ఎదుట కూర్చున్నపుడు చూపుటకు మిగిలినది తన ముఖం, తన చేతులు, తన ఒంటిపై బట్ట. పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా నగరాలలో వర్ధిల్లిన బూర్జువా రూపచిత్రకళకు ఈ లేమియే మూలధనం. చిహ్నాలు తొలగిపోయిన చోట మనిషిని మనిషిగా చూడవలసిన అవసరం చిత్రకారునికి కలిగినది.

ఈ కళను చక్కగా పరిశీలించుటకు పారిస్, లండన్ నగరాలకంటె ట్రియెస్ట్ అనుకూలమైనది. ఏడ్రియాటిక్ సముద్రపు కొసన ఉన్న ఈ రేవును హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరవ చార్లెస్ 1719లో స్వేచ్ఛా నౌకాశ్రయంగా ప్రకటించినాడు. అంతట గ్రీకులు, సెర్బులు, యూదులు, స్లొవీనులు, జర్మనులు, ఇటాలియనులు అక్కడికి చేరినారు. ఎవరి దేవాలయం వారిది, ఎవరి భాష వారిది. లెక్కల పుస్తకం మాత్రం అందరిదీ ఒక్కటే. 1833లో అక్కడ వెలసిన ఆస్ట్రియన్ లాయిడ్ సంస్థ కొద్ది సంవత్సరాలలోనే ఆవిరి ఓడలు నడుపసాగినది. ఇట్లు బలిసిన పట్టణానికి తన ముఖం తాను చూచుకోవలెనన్న కోరిక కలుగుట సహజం. ఆ కోరికను తీర్చినవాడు జుసెప్పె టొమింట్స్.

టొమింట్స్ 1790లో గొరిత్సియాలో జన్మించి 1866లో మరణించినాడు. 1809లో రోముకు వెళ్ళి, సుమారు తొమ్మిదేండ్లు అక్కడ చిత్రకళనభ్యసించి, స్వస్థలానికి తిరిగివచ్చినాడు. తరువాత ట్రియెస్టులో స్థిరపడి, 1855లో విరమించువరకు ఆ నగరపు వర్తకులను, వారి భార్యలను, ఓడ కెప్టెన్లను లెక్కకు మించి చిత్రించినాడు. ఇటాలియనులు ఆయనను తమవాడందురు. స్లొవీనులు యోజెఫ్ టొమింట్స్ అని పిలిచి తమ జాతీయ చిత్రశాలలో నిలుపుకొన్నారు. ఆయన జీవించిన కాలంలో ఆ సీమ ఆస్ట్రియా చక్రవర్తిది. రేవు పట్టణపు చిత్రకారునికి ఒక్క జాతి పేరు చాలకపోవుట ఆయన కళకు లోపం కాదు, లక్షణం.

ఆయన పటాలలో వెలుగు నిర్మలంగా, కొంత కఠినంగా ఉండును. పట్టు తళుకు, లేసు అల్లిక, చెవిపోగుల బరువు కంటికి తెలియును. ముఖంపై మచ్చ ఉన్నచో మచ్చయు, గడ్డం క్రింద కండ జారినచో ఆ జారుటయు ఉండును. డబ్బిచ్చి పటం వేయించుకొన్నవాడు తన లోపాలను అంత స్పష్టంగా చూపుటకు ఎట్లు అంగీకరించినాడు? ఈ ప్రశ్నకు సమాధానం ఆ వర్గపు నీతిలోనే ఉన్నది. వర్తకునికి సరకు ఉన్నదున్నట్లు కనబడవలెను. తూకం సరిగా ఉండవలెను. పొగడ్త రాజులకు వాడుక. వర్తకుడు కోరినది రసీదు. టొమింట్స్ రూపచిత్రం ఒక మనిషి ఫలానా కాలంలో ఫలానా విధంగా ఉండెనని వ్రాసియిచ్చిన రసీదు వంటిది. ఈ కళలోని గౌరవమూ అదే, పరిమితియు అదే. చిత్రకారుడు తనను కూడ ఈ నియమానికి అతీతుడని తలచలేదు. పల్లెలోని తన ఇంట మరుగుదొడ్డి తలుపుపై తన నిలువెత్తు రూపాన్ని తానే వేసుకొన్నాడని చెప్పుదురు. ఇతరుల ఠీవిని జీవితమంతా అమ్మినవాడు తన ఠీవిని తానే నవ్వులపాలు చేసుకొన్నాడన్నమాట.

ఈ కళ రచయితల వైపు తిరిగినపుడు ఏమి జరుగునో చూపుటకు మిలాను నగరంలో ఉన్న ఒక పటం చాలును. ఫ్రాంచెస్కో ఆయెజ్ 1841లో నవలాకారుడు మాంజోనిని చిత్రించినాడు. ఇటలీ అంతట చదువుకొన్న నవల వ్రాసినవాని చేతిలో కలం లేదు, పుస్తకం లేదు. ఒక చిన్న నశ్యపు డబ్బీ ఉన్నది. సాదా నల్లని కోటు, వెనుక వట్టి గోడవంటి నేపథ్యం. కవి అనగా తలపై ఆకుల కిరీటం, కన్నులలో మైకం ఉండవలెనని నమ్మిన కాలంలో ఆయెజ్ ఆయనను ఒక గృహస్థుగా కూర్చుండబెట్టినాడు. బూర్జువా రూపచిత్రం సాహిత్యానికి చేసిన ఉపకారమిది: ప్రతిభ సామాన్యుని దుస్తులలో కూడ ఉండగలదని చెప్పినది.

ట్రియెస్టుకు వంగదేశానికి ఉన్న దూరాన్ని తగ్గించినది సూయెజ్ కాలువ. ఆ కాలువ సంస్థలో ముఖ్య స్థానం వహించిన పాస్క్వాలె రెవొల్తెల్లా ట్రియెస్ట్ వర్తకుడే. 1869లో కాలువ తెరువబడిన సంవత్సరమే ఆయన మరణించినాడు. ఆయన భవనం, చిత్రాలు నగరానికి చెంది చిత్రశాలగా మారగా, దానికి టొమింట్స్ కుమారుడు అగుస్తో సంరక్షకుడైనాడు. తండ్రి వర్తకుల ముఖాలు వేసినాడు. కుమారుడు వర్తకుని గోడలను కాపాడినాడు. కాలువకు ఆవలి కొసన ఉన్న రేవులలో కలకత్తా ఒకటి. పెరిగిన ఓడల రాకపోకలకు హుగ్లీ తీరపు పాత రేవుకట్టలు చాలక, ఖిదిర్‌పూర్ డాక్ 1892లో వాడుకలోనికి వచ్చినది.

ఖిదిర్‌పూర్‌ను ఆనుకొని ఉన్న వాట్‌గంజ్ పేరులోనే ఒక రూపచిత్రం దాగియున్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివర అక్కడ ఓడల నిర్మాణానికి పూనుకొన్న సైనిక ఇంజనీరు హెన్రీ వాట్సన్ పేరు వంగ ప్రజల నోట నలిగి ‘వాట్’ అయినది. దానికి ‘గంజ్’ తోడైనది. మనిషి పోయినాడు, పేరులో సగం మాత్రం వీధికి మిగిలినది. వాట్సన్ తరువాత కిడ్ కుటుంబీకులు అదే తీరాన ఓడలు కట్టినారు. వారు కట్టిన ‘హేస్టింగ్స్’ అను యుద్ధనౌక 1818లో నీట దిగినది. అయితే ట్రియెస్ట్ చరిత్రలో వలె ఈ రేవు చరిత్రలో ఓడల యజమానులు తమ ముఖాలను తామే వేయించుకొని గోడలపై నిలిచిన ఘట్టం కనబడదు. ఇచట ఓడ ఒకరిది, సరకు ఒకరిది, మోత మరొకరిది.

కలకత్తాలో ధనవంతులు లేకపోలేదు. తైలవర్ణ చిత్రాలు లేకపోలేదు. ద్వారకానాథ్ ఠాకూర్ 1834లో కార్–టాగోర్ సంస్థను స్థాపించి, బొగ్గు గనులలో, ఆవిరి పడవలలో, బ్యాంకులో ధనం పెట్టినాడు. ఆయన విలాయతుకు వెళ్ళినపుడు ఎఫ్. ఆర్. సే అను ఆంగ్ల చిత్రకారుడు ఆయన రూపం చిత్రించినాడు. ఆ రూపం శాలువతో, శిరోవేష్టనంతో రాజసంగా నిలుచును. ట్రియెస్ట్ వర్తకుని పటాన్ని దీని ప్రక్కన ఉంచినచో భేదం తెలియును. టొమింట్స్ గీసినవానిని చూచి ‘ఇతడు లెక్క తెలిసినవాడు’ అనిపించును. సే గీసినవానిని చూచి ‘ఈయన తూర్పు దేశపు ప్రభువు’ అనిపించును. నిజానికి ద్వారకానాథుడు లెక్క తెలిసినవారిలో మొదటివాడు. కాని ఆంగ్లేయుల కంటికి హిందూదేశపు వర్తకుడు వర్తకుడుగా కనబడుట కష్టం. ఆయనను యువరాజుగా మార్చిన తరువాతనే చూడగలిగినారు. 1846లో ఆయన మరణించినాడు. 1848 ఆరంభంలో యూనియన్ బ్యాంకు కూలినది. ఆ యేడే కార్–టాగోర్ సంస్థయు పోయినది. ఆ పిమ్మట వంగదేశపు ధనం ఓడలను విడిచి, 1793 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం స్థిరపరచిన జమీందారీ భూములలోనే తలదాచుకొన్నది. వర్తకుని ముఖం పరిపక్వం కాకముందే చిత్రం నుంచి తొలగిపోయినది. తరువాత గోడలకెక్కినవారు జమీందారులు, వకీళ్ళు, న్యాయమూర్తులు. వారు కూర్చున్న కుర్చీ కూడ విలాయతీ పటం నుంచి దిగివచ్చినట్లుండును.

ఇటలీ నుంచి వచ్చిన చిత్రకళా బోధకుడు కూడ కలకత్తాకు దక్కినాడు. ప్రభుత్వ చిత్రకళాశాలలో ఉపాధ్యక్షుడుగా ఉన్న ఒలింటో గిలార్డి వద్ద పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో అవనీంద్రనాథ్ ఠాకూర్ పాస్టెల్ చిత్రణ నేర్చుకొన్నాడు. తరువాత పామర్ అను ఆంగ్లేయుని వద్ద తైలవర్ణాలనభ్యసించినాడు. ముఖం పోలిక పట్టుటలో శిష్యుడు నేర్పరి అయినాడు. కాని ఆ నేర్పు ఆయనకు తృప్తినీయలేదు. 1896లో కళాశాలకు వచ్చిన హావెల్ సాంగత్యం, మొగలు సూక్ష్మచిత్రాల పరిచయం ఆయనను మరొక దారి పట్టించినవి. స్వదేశీ ఉద్యమం రేగిన 1905 ప్రాంతంలో ఆయన ‘భారతమాత’ను చిత్రించినాడు. ఫలానా వీధిలోని ఫలానా మనిషి పోలిక ఆ ఉద్యమానికి చాలలేదు; దేశమంతటికి ఒకే ముఖం కావలసివచ్చినది. ఆ అవసరం గొప్పదే. అయినను దేశమాత ముఖం దొరికిన సంతోషంలో దేశస్థుల ముఖాలు కొంతకాలం మరుగుపడినవన్నది కూడ నిజం.

వంగదేశపు మధ్యతరగతి ముఖాన్ని నిర్భయంగా గీసినవారు వేరే ఉన్నారు. వాట్‌గంజ్ దాపున టాలీ కాలువ హుగ్లీలో కలియును. ఆ కాలువ వెంట ఎగువకు పోయినచో కాళీఘాట్ వచ్చును. అచ్చట గుడి వీధిలో పటువాలు మిల్లు కాగితంపై వడివడిగా బొమ్మలు వేసి, యాత్రికులకు చిల్లర డబ్బులకు అమ్మినారు. దేవతల బొమ్మల ప్రక్కన బాబు బొమ్మయు ఉండును: నడుమ పాపట తీసిన జుట్టు, జారిన శాలువ, మెరుగు బూట్లు, చేత హుక్కా. ఇది కూడ బూర్జువా రూపచిత్రమే. కాని కూర్చున్నవాడు డబ్బిచ్చి వేయించుకొన్నది కాదు, వీధిలోనివాడు డబ్బిచ్చి కొనుక్కొన్నది. టొమింట్స్ పటంలో ఒక వర్గం తన్ను తాను చూచుకొన్నది. కాళీఘాట్ పటంలో ఆ వర్గాన్ని ఊరు చూచినది.

సాహిత్యం ఈ రెండవ చూపునే అందుకొన్నది. 1862లో కాళీప్రసన్న సింహుడు ‘హుతోమ్ ప్యాంచార్ నక్షా’ను ప్రకటించినాడు. నక్షా అనగా గీత, చిత్రం. ఆ మాట పొలాల కొలతలలో, ఇండ్ల పథకాలలో తెలుగువారికిని పరిచితమే. కలకత్తా బాబుల ఉత్సవాలు, వేషాలు, అప్పులు, భక్తి అందులో గుడ్లగూబ కంటితో గీయబడినవి. గుడ్లగూబ చీకటిలో చూడగలదన్నది గ్రహింపదగిన విషయం. అంతకుముందు 1858లో ప్యారీచాంద్ మిత్రా ‘అలాలేర్ ఘరేర్ దులాల్’లో గారాబంతో చెడిన ధనికపుత్రుని రూపాన్ని వాడుక భాషలో దిద్దినాడు. 1860లో మైకేల్ మధుసూదన దత్తు రెండు ప్రహసనాలు వ్రాసినాడు. ఒకదానిలో నాగరికత పేర తాగి తూలు యువకులు, రెండవదానిలో ముసలి వయసున కాముకత్వాన్ని జపమాలతో కప్పుకొన్న భూస్వామి. ఎవరి ఆదరంతో అవి పుట్టినవో ఆ వర్గానికే నొప్పి కలిగినందున అవి అనుకొన్న రంగస్థలంపై వెంటనే ఆడబడలేదు. రసీదు కోరిన వర్తకుడు తన మచ్చను సహించినాడు గాని, బాబు తన మచ్చను సహింపలేకపోయినాడు.

మధుసూదనుడు ఖిదిర్‌పూర్ పిల్లవాడు. జెస్సోర్ జిల్లా సాగర్‌దాడిలో 1824లో పుట్టి, వకీలైన తండ్రి వెంట బాల్యంలోనే ఈ పేటకు వచ్చినాడు. ఓడల తెరచాపలు చూచుచు పెరిగినవానికి విదేశాలపై మోజు కలిగినదనుట కేవలం కల్పన కానక్కరలేదు. 1843లో క్రైస్తవుడైనాడు, 1848 నుంచి 1856 వరకు చెన్నపట్టణంలో ఉండి, హీబ్రూ, గ్రీకు, లాటిన్ భాషలతోపాటు తెలుగు కూడ అభ్యసించినాడు. 1861లో ‘మేఘనాదవధ’ కావ్యంతో వంగ సాహిత్యాన్ని కదిలించినాడు. 1865లో వెర్సాయ్‌లో అప్పులలో మునిగియున్నపుడు దాంతే ఆరువందల జయంతికి ఒక సానెట్ వ్రాసి, అనువాదాలతో సహా ఇటలీ రాజు విక్టర్ ఇమాన్యుయేలునకు పంపినాడు. ఇటలీ నుంచి సానెట్‌ను తెచ్చుకొన్నవాడు దానిని ఇటలీకే కానుకగా తిరిగి ఇచ్చినాడు.

1866లో వెలువడిన ఆయన చతుర్దశపదుల సంపుటిని ఒక చిత్రశాలగా చదువవచ్చును. కృత్తివాసుడు, కాశీరాముడు, భారతచంద్రుడు, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు, దాంతే, హ్యూగో, టెన్నిసన్ – ఒక్కొక్కరికి పదునాలుగు పాదాల చట్రం. చట్రం అందరికిని ఒకే కొలత. పాత వంగ కవికి, ఐరోపా మహాకవికి ఒకే పరిమాణపు గోడజాగా ఇచ్చుటలో ఉన్న సమభావం బూర్జువా రూపచిత్రం నుంచి నేర్వదగినదే. దానికి మధుసూదనుడు చేర్చినది కృతజ్ఞత. ట్రియెస్ట్ పటంలో చిత్రకారుడు కూర్చున్నవానికి ఋణపడి ఉండడు, లెక్క తీరిపోవును. ఈ సానెట్లలో లెక్క తీరదు. ఆపదలో ధనం పంపి ఆదుకొన్న విద్యాసాగరుని రూపం వ్రాయునపుడు ఋణమే రంగు, ఋణమే రేఖ.

ఒక్క సంవత్సరం ఈ కథనంతటిని ఒకచోటికి తెచ్చును. అది 1873. ఆ యేడు ఫిబ్రవరిలో ‘లల్లా రూఖ్’ అను ఓడ కలకత్తా నుంచి ఒప్పందపు కూలీలను ఎక్కించుకొని సురినాముకు బయలుదేరినది. మేలో తారకేశ్వర మహంతు వ్యవహారంలో ఏలోకేశి అను యువతి భర్త చేత హతురాలైనది. ఆ ఉదంతం కాళీఘాట్ పటాలకు ఎడతెగని వస్తువైనది. జూన్ 29న ఖిదిర్‌పూర్‌కు సమీపాన ఉన్న ఆలీపూర్ ఆసుపత్రిలో మధుసూదనుడు నిరుపేదగా మరణించినాడు. కవికి రూపచిత్రాలున్నవి. ఏలోకేశికి నిజమైన పోలిక లేకున్నను వందల పటాలున్నవి. ఆ ఓడ ఎక్కినవారికి ఏమున్నది?

వారికి ఒక కాగితమున్నది. 1834లో మారిషసుకు మొదలైన ఈ వలసలో, ఖిదిర్‌పూర్, గార్డెన్‌రీచ్ తీరాలలోని శిబిరాలలో ఉంచి ఓడ ఎక్కించునపుడు ప్రతివానికి ఒక రహదారి పత్రం వ్రాసినారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, శరీరంపై గుర్తులు. ‘కుడి మోకాలిపై మచ్చ’ అను ధోరణిలో సాగు ఆ గుర్తుల గడి కూడ ఒక రూపచిత్రమే. టొమింట్స్ గీసిన మచ్చకు, గుమాస్తా వ్రాసిన మచ్చకు మధ్య భేదం వస్తువులో లేదు. రెంటను చూపు సూక్ష్మమే, సత్యమే. ఒకదానిలో మచ్చ మనిషిని మరువకుండుటకు. రెండవదానిలో మనిషి తప్పించుకొనకుండుటకు. ఒకడు తన మచ్చను తన గోడపై ఉంచుకొన్నాడు. మరొకని మచ్చ ఒరుల దస్తరంలో ఉన్నది. పోలిక పట్టుట మాత్రమే గౌరవం కాదనియు, ఆ పోలిక ఎవరి సొత్తు అను ప్రశ్నలోనే కళ యొక్క నీతి ఉన్నదనియు ఈ రెండు మచ్చలు తెలుపును.

తెలుగు పాఠకునికి ఇది దూరపు సంగతి కాదు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారిని బర్మాలో ‘కోరంగీ’ అనియే పిలిచినారు. వాట్‌గంజ్‌లో ఒక మనిషి పేరు రేవుకు వచ్చినది. కోరంగిలో రేవు పేరు మనుషులందరికి వచ్చినది. పేరు పోయిన చోట ముఖం నిలుచుట కష్టం. ఉత్తరాంధ్ర తీరం నుంచి కలకత్తా రేవుకు, జనపనార మిల్లులకు వెళ్ళిన కుటుంబాలలో ముత్తాత ఊరు గుర్తుండవచ్చును గాని ఆయన రూపం గుర్తుండుట అరుదు. తెలుగు మధ్యతరగతికి మాత్రం తన నక్షా దొరికినది. 1897లో అచ్చై, 1909లో కొత్త రూపం పొందిన ‘కన్యాశుల్కం’లో గురజాడ గిరీశాన్ని, రామప్పంతులను, లుబ్ధావధానులను మచ్చలతో సహా నిలిపినాడు. మధురవాణికి అందులో దక్కిన గౌరవం చూచినచో, ఎవరిని చూడవలెనన్న విషయంలో ఆయన తన వర్గపు గోడను దాటినాడని తెలియును.

కళకు ఇట్లు గోడ దాటుట అసాధ్యం కాదనుటకు వంగదేశంలో ఒక చిన్న పెన్సిలు గీత సాక్ష్యం. ద్వారకానాథుని మనుమడు జ్యోతిరింద్రనాథుడు 1884లో స్వదేశీ ఆవిరి పడవల వ్యాపారం ఆరంభించి, ఆంగ్ల సంస్థ పోటీకి నిలువలేక నష్టపోయినాడు. తాత విడిచిన ఓడ మనుమని చేతిలో కూడ నిలువలేదు. ఆయనకు మిగిలిన అలవాటు ముఖాలు గీయుట. ఎదుట ఎవరు కూర్చున్నను పెన్సిలుతో పోలిక పట్టెడివాడు. ఆ చిత్రాలలో కొన్ని 1914లో రోథెన్‌స్టైన్ ఆదరంతో లండనులో అచ్చైనవి. కాని వాటన్నిటిలో నేడు అమూల్యమైనది 1889లో గీసిన లాలన్ ఫకీరు రూపం. కులం అడిగినవారికి పాటతో బదులు చెప్పిన ఆ వృద్ధుడు మరుసటి యేడు మరణించినాడు. ఆయన జీవించియుండగా గీయబడిన రూపం అదొక్కటియే ప్రసిద్ధం. జమీందారుల ఇంటివాడు, వ్యాపారంలో ఓడినవాడు, ఒక బైరాగి ముఖాన్ని డబ్బు ప్రసక్తి లేకుండ చూచినాడు. టొమింట్స్ నేర్పిన నిజాయితీ అందులో ఉన్నది. రసీదు మాత్రం లేదు.

హుగ్లీ తీరాన 2015లో సురినాముకు వెళ్ళినవారి స్మృతికై ఒక విగ్రహం నెలకొల్పినారు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, చేత మూట. ఆ ముఖాలు ఎవరివియు కావు. అందరివియు కావలెనని చెక్కినవి. అందులో ప్రేమ ఉన్నది. అయినను టొమింట్స్ పటంలోని అనామక వర్తకునికి సైతం దొరికిన చిన్న గౌరవం – ఇతడు ఇతడే, మరొకడు కాడు అన్న గుర్తింపు – ఆ దంపతులకు దొరకలేదు. బూర్జువా రూపచిత్రాన్ని ధనికుల డాంబికమని త్రోసివేయుట సులభం. అది కనుగొన్న సత్యం మాత్రం ధనికుల సొత్తుగా ఉండిపోదగినది కాదు. ప్రతి ముఖం ఒక్కసారి మాత్రమే పుట్టును. దానిని మచ్చతో సహా చూచుటకు ఒకరు కూర్చొనవలెను. రేవులో మూటలు మోసినవాని ముందు ఎవరూ కూర్చొనలేదు. భారతీయ సాహిత్యాలలో జీవితచరిత్ర, నవల, నాటకం ఆ కుర్చీని ఇప్పుడిప్పుడే అతని వైపు జరుపుచున్నవి. దస్తరంలో మిగిలిన మోకాలి మచ్చ నుంచి ఒక మనిషిని తిరిగి నిలుపగల రచన ఎన్నడు వచ్చునో, అన్నాడు వాట్‌గంజ్ తీరానికి తనదైన రూపచిత్రం లభించును.